సెగ చూపని పలక

దయ్యాలూ భూతాలూ నేను నమ్మను. మా వీధిలో ఒకామెకు గాలి సోకిందని వేపమండలతో బాదుతుంటే, పదో తరగతి చదివే వయసులోనే అడ్డం పోయి ఆ మండ లాక్కుని విరిచేసినదాన్ని. ఇప్పటికీ ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే నాకు భయం వేయదు, ఒళ్లు మండుతుంది. అందుకే ఇది రాయడానికి రెండేళ్లు పట్టింది.

నా పని సంగీతంతో చికిత్స చేయడం. తిరుపతిలో సంగీతం చదువుకుని, ఈ చికిత్సలో శిక్షణ పొంది, వడమాలపేట దారిలో ఉన్న ఒక ప్రైవేటు పునరావాస కేంద్రంలో చేరాను. పొద్దున మాటలు సరిగా రాని పిల్లలు వచ్చేవాళ్లు. పాట పాడుతూ చివరి మాట దగ్గర నేను ఆగితే, ఆ ఒక్క మాట వాళ్లు అందుకునేవాళ్లు. పక్షవాతం వచ్చినవాళ్ల చేత తాళానికి అడుగులు వేయించేదాన్ని. మధ్యాహ్నం మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్లు. కన్నకూతురిని గుర్తుపట్టని ఒకావిడ, తన పెళ్లిలో పాడిన పాట మాత్రం ఒక్క మాట తప్పకుండా పాడేది.

ఇందులో మాయ ఏమీ లేదు. ఎవరి సంగీతం వాళ్లకివ్వాలి, అంతే. మాకు మొదటిరోజు నేర్పే పాఠమే అది.

మునిరత్నం కార్తీకంలో చేరాడు, ప్రభుత్వ పథకం కింద. అరవై దాటినవాడు. పలక వాయించేవాడు, అదే డప్పు. జాతరైనా, పెళ్లైనా, చావైనా చుట్టుపక్కల ఊళ్లలో ఆయన పలక మోగాల్సిందేనట. పక్షవాతంతో మాట పోయింది, కుడిచెయ్యి పడిపోయింది. ఐదు నెలలుగా ఆ చెయ్యి కదల్లేదు. కూతురు చెంగమ్మ కూలిపనికి పోతూ సాయంత్రాలు వచ్చి తినిపించి పోయేది.

"మా నాయన తన చేత్తో ఒక ముద్ద తింటే సాలు మేడం. ఇంకేం అడగను" అనింది.

నేను పలక తెమ్మన్నాను. కేంద్రం యజమాని ససేమిరా అన్నాడు. "పెద్దపెద్ద ఇండ్లోళ్లు ఉండారమ్మా ఈడ. పలక మోగితే సావు అనుకుంటారు. కీర్తనలు పెట్టు, సాలు" అన్నాడు. ఆ పలక మీద ఆయనకున్న చిన్నచూపు పలకతో ఆగేది కాదని అందరికీ తెలుసు. ఎవరి వీధిలోది, ఎవరి చేతిలోది అన్నదే అసలు సంగతి. రెండు వారాలు ఆయనతో పోట్లాడాను. చివరికి ఒక్కసారికి ఒప్పుకున్నాడు. నిప్పు అంటించకూడదు, పొగ రాకూడదు అని షరతు పెట్టాడు.

అక్కడే నేను తప్పు చేశాను. పలకను గడ్డిమంట మీద కాచి, తోలు బిగిశాకే వాయించాలి. లేకపోతే మోగదు. ఈ సీమలో పుట్టిన ఎవరికైనా తెలిసిన విషయం. జాతరప్పుడు వీధి మూలల్లో గడ్డి అంటించి పలకలు కాచుకోవడం చూస్తూ పెరిగినదాన్నే నేను. అయినా సరేనన్నాను. శ్రుతి లేని తంబురా ముందు నన్ను కూర్చోబెడితే లేచిపోయి ఉండేదాన్ని కదా! మునిరత్నం పలక దగ్గరికి వచ్చేసరికి, ఏదో ఒక చప్పుడొస్తే చాలు అనుకున్నాను. నా చదువు తగలెయ్య.

రోజూ ముసురు. తోలు తడిసిన అట్టలా ఉంది. ఆయన ఎడమచేతికి ఒక పుల్ల ఇచ్చి, రెండో పుల్లను కుడిచేతిలో పెట్టి నేనే పట్టుకుని వేయించాను. దబ్ అంది. ఇంకోసారి వేశాం. మళ్లీ దబ్. ఆయన నా మొహంలోకి చూశాడు. పుల్ల జారవిడిచి, గోడవైపు తిరిగి ఏడ్చాడు.

చెంగమ్మ నన్ను తిట్టలేదు. "సెగ సూపకుండా ఎట్ల మోగుతాది మేడం?" అని మాత్రం అనింది. తిట్టినా బాగుండేది.

యజమాని "రోగి సహకరించలేదు" అని ఫైల్లో రాయించాడు. ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా, ఇక్కడ మద్దెల నిజంగానే ఓటిది. దాన్ని అలా చేసింది మేము. పలకను సామాన్ల గదిలో పెట్టించి, తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఎనిమిది రోజుల తర్వాత, ఒక గురువారం. మధ్యాహ్నం మూడుంబావు. బయట వాన, పొద్దుటి నుంచి కరెంటు లేదు. హాల్లో ఏడుగురు ఆడవాళ్లు, వెనక చక్రాల కుర్చీలో మునిరత్నం. నేను హార్మోనియం వాయిస్తున్నాను. తర్వాత నోట్సు రాసుకోవడానికి ఫోన్లో రికార్డు చేసుకోవడం నా అలవాటు. ఆ రోజూ పెట్టాను.

సామాన్ల గది వైపు నుంచి ఒక దెబ్బ వినిపించింది. వెంటనే ఇంకొకటి. ఆ తర్వాత వరసగా. బాగా కాచిన పలక మోత. నేను వాయించడం ఆపేశాను.

రిటైరైన టీచరమ్మ ఒకావిడ ముందుగా తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టింది. తర్వాత పక్కావిడ. చూస్తుండగానే ఏడుగురూ. నేను వెనక్కి తిరిగాను. మునిరత్నం కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర నుంచి లేచి, కుర్చీ పిడి మీద పడుతోంది. దెబ్బకు దెబ్బ.

భయం వేయలేదని అబద్ధం చెప్పను. అయినా ఆగొద్దు, ఆగొద్దు అని లోపల్లోపల మొక్కుకున్నాను.

అటెండరు సుబ్రమణ్యం పరుగెత్తి పోయి చూసి వచ్చాడు. "తాళం ఏసినట్టే ఉండాది మేడం. లోపల్నుంచే వస్తా ఉండాది" అన్నాడు. అంతలో యజమాని వచ్చాడు, ఇదంతా నా పనే అని అరుస్తూ. తలుపు తియ్యొద్దని బతిమాలాను, అడ్డం నిలబడ్డాను. నన్ను పక్కకు నెట్టి తాళం తీశాడు. తలుపు తెరవగానే మోత ఆగిపోయింది. వెనక్కి వచ్చి చూస్తే హాల్లో ఆ చెయ్యి కూడా ఆగిపోయి ఉంది.

సామాన్ల గదిలో ఎవరూ లేరు. కిటికీ కూడా లేదు. విరిగిన మంచాల పక్కన పలక గోడకు ఆనించి ఉంది. తోలు ముట్టుకున్నాను. మంట మీద నుంచి అప్పుడే తీసినంత వేడి. వేలితో కొడితే ఖంగుమంది. గదిలో కాలిన గడ్డి వాసన. యజమాని కూడా ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "కరెంటు తీగ యాడో తగిలుంటాది" అన్నాడు. కరెంటు లేని సంగతి ఎవరమూ గుర్తుచేయలేదు.

రికార్డింగులో వాన ఉంది. నా హార్మోనియం ఆగిపోవడం ఉంది. తొడల మీద తాళం, కుర్చీ పిడి మీద ఆయన చెయ్యి పడుతున్న చప్పుడు ఉన్నాయి. పలక లేదు.

ఆ సాయంత్రం ఆ తాళాన్నే చెంగమ్మకు వినిపించాను. అది చావుకు వాయించే దెబ్బేమోనని నాకు లోపల గుబులుగానే ఉంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా వినింది.

"ఇది సావుదీ కాదు, పెండ్లిదీ కాదు మేడం. పలక కాసినాక తోలు పదునెక్కిందా లేదా అని సూసుకునేదానికి కొట్టే దెబ్బ. దీని తరవాతనే మా నాయన మేళం ఎత్తుకుంటాడు" అనింది.

అంటే ఆయన ఇంకా మొదలే పెట్టలేదు. అప్పుడే తలుపు తీశారు.

మర్నాడు యజమాని మునిరత్నాన్ని పంపించేశాడు. ఇలాంటి గొడవలు మాకొద్దు అన్నాడు. ఆ వానలోనే, ఆటోలో, పలకతో సహా. ఇంటి దగ్గర చెంగమ్మ రోజూ పలక కాచి ఒళ్లో పెట్టిందట. చెయ్యి లేవలేదు. జ్వరం ఛాతీకి దిగి ఐదో రోజు పోయాడు. చివరి ముద్ద కూడా ఆమే పెట్టింది.

నేను ఆ ఉద్యోగం మానేశాను. ఇప్పుడా కేంద్రం కరపత్రాల్లో "జానపద వాద్యాలతో సంగీత చికిత్స" అని రంగు రంగుల అక్షరాల్లో వేసుకుంటున్నారు. సిగ్గు కూడా లేదు.

తెలిసిన డాక్టర్లను అడిగాను. చెయ్యి ఎలా కదిలిందో ఒకాయన నరాల లెక్కలో చెప్పాడు, ఒప్పుకున్నాను. ఆడవాళ్లు ఒకరిని చూసి ఒకరు తాళం వేసి ఉంటారన్నాడు, అదీ సరే. తాళం వేసిన గదిలో, ముసురు రోజున, తోలు ఎలా కాగిందంటే నవ్వి ఊరుకున్నాడు. నాకూ తెలియదు. దయ్యాలను మాత్రం ఇప్పటికీ నమ్మను.

గుప్పెడు గడ్డి, ఒక అగ్గిపుల్ల. పెరట్లో ఐదు నిమిషాల పని. బతికున్నవాళ్లం ఇంతమందిమి ఉండి ఆ పని చేయలేదు. ఆ పలకను ఎవరు కాచారో నాకు తెలియదు. కాచాల్సింది నేను.