తువ్వాలు సంచిలోనే ఉంది

“ఒలే కోడలా, తెల్లది మర్సిపోకు.”

“మర్సిపోను మావా.”

“మెట్లెక్కి వొచ్చి, నా మొకం మీద పడి ఏడుస్తూ సెప్తానంటే నాకక్కర్లేదు. దూరాన్నించే తెలాలి. నా సెవులు ఎలాగూ సచ్చాయి. కళ్ళకి సెప్పు.”

“కళ్ళకే సెప్తాను. నానొచ్చీదాకా ఎండు సేపలు మాడ్సి ఇల్లు కంపు సెయ్యకు.”

“ఏటీ?”

“ఏటీ నేదు. ఎల్తన్నాను.”

మా మావగారికీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు, నేను ఆయనతో మాట్లాడలేదు. కాదు, నేను మాట్లాడాను. అరిచాను. ఆయనకి వినపడలేదు. అది తర్వాత చెబుతాను. వరసగా చెప్పకపోతే నాకు ధైర్యం చాలదు.

రాసుకో తల్లీ. నా మాట మోటుగా ఉంటే నీ బడిపంతులమ్మ తెలుగులోకి మార్చుకో, ఫరవాలేదు. సంగతి మాత్రం మార్చకు. నేను సంతకం పెట్టగలను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోగలను. అంతకు మించి అక్షరం నా చేతికి లొంగలేదు. అందుకేనా ఇన్నేళ్ళు దాచాను? రాయడం వచ్చుంటే రాసేదాన్నా? అబద్ధం. నోరుంది కదా. నోటితో అయినా చెప్పలేదు. తడిసిన వల భుజాన వేసుకొని నడుస్తున్నట్టు నడిచాను ఈ భిలాయిలో, పెళ్ళిళ్ళకీ, ప్రార్థన కూటాలకీ, బజారుకీ. మీ పెదనాన్న నా పక్కనే పడుకొని, నా పక్కనే ముసలివాడై, ఏమీ తెలియకుండానే పోయారు.

నీకు తెలిసిన కథ ముందు చెబుతాను. అది మీ నాన్న చెప్పే కథ. ఏటా మా మావగారి జ్ఞాపకార్థ కూటంలో మా మరిది, అంటే మీ నాన్న, నిలబడి సాక్ష్యం చెబుతాడు. పడుచుతనంలో తనకి జబ్బు చేసిందనీ, నాగపూర్‌లో కడుపు కోసి ఆపరేషన్ చేశారనీ, తాను బతికితే వదిన తెల్ల తువ్వాలు భుజాన వేసుకొని వస్తుందని తండ్రి డాబా మీద నిలబడి ఎదురు చూశాడనీ, ఆ తెల్లటి గుడ్డ చూసి సంతోషం పట్టలేక ఆయన గుండె ఆగిపోయిందనీ. “మా నాన్న నా బతుకు సూసి సచ్చిపోయాడు” అంటాడు. ఆ మాట ప్రతిసారీ రెండుసార్లు అంటాడు. జనం హల్లెలూయా అంటారు. నేను ఆడవాళ్ళ వరసలో తల మీద కొంగు లాక్కొని కూర్చుంటాను.

ఇప్పుడు నా కథ.

మాది భీమిలి అవతల సముద్రం ఒడ్డు పేట. మావగారు పడవ మీద బతికిన మనిషి. పెద్దకొడుక్కి ఇక్కడ ఉద్యోగం వచ్చాక వల వదిలేసి మాతో వచ్చేశారు. ఏదో జ్వరంలో చెవులు పూర్తిగా పోయాయి. కళ్ళు మాత్రం గద్ద కళ్ళు. మా పేటలో ఒక కట్టుబాటు ఉండేది. వేటకి వెళ్ళిన పడవలో మనిషి పోతే, తిరిగి వచ్చేటప్పుడు తెరచాప దించేసి తెడ్లు వేసుకుంటూ వస్తారు. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళకి దూరం నుంచే తెలిసిపోవాలి. పడవ ఇసక తాకేదాకా ఆశ పెట్టడం పాపం అనేవారు. ఆ కట్టుబాటే ఆయన నాకు అప్పజెప్పారు. చిన్నోడు బతికితే భుజం మీద తెల్ల తువ్వాలు. లేకపోతే ఖాళీ భుజం. మాకు ఫోను లేదు. ఇరుగుపొరుగు ద్వారా కబురు వస్తే జాలిపడి మెత్తగా చెబుతారని ఆయనకి అనుమానం. నా మీద అనుమానం లేదు. అదే చూడు.

నాగపూర్‌లో మీ పెదనాన్న తమ్ముడి దగ్గర ఉన్నారు. ఆపరేషన్ బాగా జరిగింది. మీ నాన్న కళ్ళు తెరిచి నీళ్ళడిగాడు. మర్నాడు నన్ను ఇంటికి పంపారు. దుర్గ్‌లో రైలు దిగి, ఆటోలో సుపేలాకి వచ్చి, రైలు గేటు దాటి మా సెక్టారు రోడ్డు పట్టాను. సాయంత్రం. ఉక్కు ప్లాంటు వైపు ఎక్కడో ఇనుము తీయగా మిగిలిన చిట్టెం, ఇంకా నిప్పులా ఉండగానే పారబోస్తున్నట్టున్నారు, ఆకాశం అడుగు నుంచి ఎర్రబడుతోంది. రోడ్డు చివర మా క్వార్టరు. డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, ఆయన. తలకి తుండు చుట్టుకొని, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకొని.

తువ్వాలు సంచిలో ఉంది. పైనే ఉంది. ఉతికి మడత పెట్టింది. తియ్యడానికి చెయ్యి కూడా పెట్టాను. మెత్తగా తగిలింది.

తియ్యలేదు.

ఎందుకో చెప్పాలి కదా. చెబుతాను, కానీ అది సాకు కింద రాయకు. నా మొదటి కొడుకు నీకు తెలియదు. తొమ్మిదో నెల పిల్లాడు, జ్వరంతో పోయాడు. అదే జ్వరంతో అప్పుడు మీ నాన్నా మంచాన ఉన్నాడు. గోతిలో మట్టి వేస్తుంటే మావగారు కళ్ళు మూసుకొని ప్రార్థన చేసుకున్నారు. చెవిటి మనిషి కదా, మనసులో అనుకుంటున్నాననుకొని పైకే అనేశారు. “పోతే పోనాడు దేవుడా. నా సిన్నోడిని మాత్రం ఉంచు.” అందరికీ వినపడింది. అందరూ నా వైపు చూశారు. ఆయన కళ్ళు తెరిచి నా తల నిమిరారు. తాను పైకి అన్నట్టు ఆయనకి చచ్చేదాకా తెలియదు. నేను ఆయనకి అన్నం పెట్టాను, కాళ్ళకి నూనె రాశాను, ఆ మాట మాత్రం దింపుకోలేకపోయాను.

ఆ రోడ్డు మీద నాకు అనిపించింది ఏమిటంటే, ఆయన చిన్నోడు పోయాడని ఆయనా ఒకసారి అనుకోవాలి, కాసేపే, ఆ వేపచెట్టు దాకానే, నాకు ఆ గోతి పక్కన ఎలా ఉందో అది ఆయన ఒంటికి తెలియాలి, తర్వాత తువ్వాలు తీసి వేసుకుంటాను, నవ్వుకుంటాం అని. నవ్వుకుంటాం అని నిజంగా అనుకున్నానా? ఇప్పుడు నీ ముందు మంచిదాన్ని అనిపించుకోవడానికి చేరుస్తున్నానా? తెలియడం లేదు. వేపచెట్టు వచ్చింది. దాటాను. చెయ్యి సంచిలోనే ఉంది. ఇంకో నాలుగు అడుగులు అనుకున్నాను.

అప్పుడు ఆయన కళ్ళ మీది చెయ్యి దించారు. తలకి చుట్టుకున్న తుండు నెమ్మదిగా విప్పారు. రెండు చేతులతో పట్టుకొని కిందకి దించారు. తెరచాప దించినట్టు. నేను పేటలో పుట్టినదాన్ని తల్లీ, అది ఎలా ఉంటుందో నాకు తెలుసు.

వెనక్కి తిరిగారు. కనపడలేదు.

అప్పుడు లాగాను తువ్వాలు. ఊపుకుంటూ పరుగెత్తాను. “మావా, బతికాడు! సిన్నోడు బతికాడు మావా!” అని అరిచాను. ఎవరికి అరుస్తున్నాను? కళ్ళకి చెప్పమన్న మనిషికి, కళ్ళు తిప్పుకున్నాక, చెవులకి చెబుతున్నాను.

డాబా మెట్ల మీద పడి ఉన్నారు. ఉతికిన చొక్కా వేసుకున్నారు. ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉంది. కింది వాటా దీదీ నా అరుపులు విని వచ్చింది. ఆయన్ని చూసింది, నా చేతిలో తువ్వాలు చూసింది. ఆ కట్టుబాటు సంగతి ఆవిడకి తెలుసు, హిందీ రాని ఆయన రోజూ డాబా ఎక్కుతూ అందరికీ సైగలతో చెప్పేవారు. ఆవిడ ఏడుస్తూ నన్ను పట్టుకుంది. “ఖుషీ సే గయే బాబూజీ. సఫేద్ కపడా దేఖ్ లియా నా?” తెల్ల గుడ్డ చూసి సంతోషంతో పోయారు కదా అని.

నేను “హాఁ” అన్నాను.

అంతే. నేను చెప్పిన అబద్ధం ఆ ఒక్క మాట. మిగిలినదంతా జనమే కట్టుకున్నారు, మీ నాన్న దానికి ప్రాణం పోశాడు. లోపలికి వెళితే పొయ్యి మీద ఎండు చేపల పులుసు ఉంది. ఎండు చేప కాల్చుకోవడమే తప్ప ఎప్పుడూ గరిటె పట్టని మనిషి. మాడలేదు. నేను వచ్చి తింటానని.

నీ పెన్ను ఆగింది. చూస్తూనే ఉన్నాను. రాయి.

ఇంతకాలం లేనిది ఇప్పుడెందుకు అంటావేమో. మొన్న నువ్వు వంటింట్లో కూర్చొని, పిల్లలకి చెప్పే పాఠం నాకు చెప్పావు, గుర్తుందా? గ్రీసు దేశం పాత కథ. రాజు పేరు నా నోటికి పట్టలేదు. ఆయన కొడుకు, దారి తెలియని చీకటి ఇంట్లో ఉన్న ఎద్దుతల మృగాన్ని చంపడానికి ఓడెక్కి వెళతాడు. గెలిస్తే తెల్ల తెరచాపతో వస్తాను, చస్తే నల్లదే ఉంటుంది అని తండ్రికి మాటిస్తాడు. నా చేతిలో బియ్యం చేట అక్కడే ఆగిపోయింది. నువ్వు చూడలేదు. గెలిచి కూడా నల్ల తెరచాపతోనే వచ్చాడనీ, కొండ మీద ఎదురు చూస్తున్న తండ్రి అది చూసి సముద్రంలో దూకాడనీ, ఆ సముద్రానికి ఇప్పటికీ ఆ ముసలాయన పేరేననీ చెప్పావు.

“అయ్యో, ఆడెందుకు మార్సలేదే?” అన్నాను.

“భూల్ గయా పెద్దమ్మా. మర్చిపోయాడంతే. మన తాతగారి కథకి ఉల్టా కదూ!” అని నవ్వావు.

ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. మరిచిపోయాడట! దారం ఇచ్చి తనని ఆ చీకటి ఇంట్లోంచి బయటికి తెచ్చిన పిల్లని మధ్యలో దీవిలో వదిలేసి వచ్చినవాడు. తండ్రి పోగానే గద్దె ఎక్కినవాడు. ఓడ మీద తల ఎత్తితే కనపడే గుడ్డ మరిచిపోతాడా? అంత పెద్ద నలుపుని? వాడి లోపల ఏముందో ఎవరూ అడగలేదు. చదువు రాని పాటగాళ్ళు ఆ దేశంలో ఇలాంటి కథలు ఒకరి నోటి నుంచి ఒకరు నేర్చుకొని పాడుకొనేవారన్నావు. అన్ని నోళ్ళలో ఒక్క నోరైనా “మరిచిపోలేదు” అనలేదా? లేక నా లాంటి ముసలిది ఎవరో అంటే, పాట పాడవుతుందని తీసేశారా?

ఇంకోటి కూడా చెప్పావు. వాళ్ళ కథల్లో చచ్చినవాళ్ళు భూమి కింద నీడల్లా ఉంటారనీ, రక్తం తాగితే గాని నోరు విప్పరనీ. మావగారు నాకు అలాగే కనపడతారు. బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కితే ట్యాంకు పక్కన ఉంటారు. ఏమీ అనరు. చేతిలో విప్పిన తుండు. నా భుజం వంక చూస్తారు.

ఇప్పుడు మీ నాన్నకి గుండె ఆపరేషన్. మళ్ళీ నాగపూరే. ఎల్లుండి. నిన్న ఫోనులో ఏమన్నాడో నువ్వూ విన్నావు. “వదినా, ఆ తువ్వాలు పెట్టిలో ఉంది కదా, బుజానేసుకొని రా. నాన్న ఒచ్చినట్టుంటాది.” నువ్వు పెట్టె తెరవబోతే నేను నీ చెయ్యి కొట్టాను. ఏమైంది పెద్దమ్మా అన్నావు. ఇదీ ఏమైంది.

వేసుకోను అంటే? ఖాళీ భుజంతో వచ్చిన నన్ను చూసి, కత్తి కిందకి వెళ్ళబోయే మనిషి ఏమనుకుంటాడు? ఆ తండ్రి కొడుకు కదా. వేసుకుంటే? ఆయన్ని చంపిన గుడ్డని ఆశీర్వాదం అని ఆయన కొడుకు కళ్ళకి అద్దుకుంటాడు, నేను నిలబడి చూడాలి. నిజం ఇప్పుడే చెబుదామంటే, ఆ గుండె తట్టుకుంటుందా? ఒకసారి ఒక గుండెతో ఆడుకున్నాను. ఇంకోసారి ఆడలేను.

అందుకని ఇలా అనుకున్నాను. రేపు వేసుకొని వస్తాను. వాడు బతికి ఉన్నాడు, కాబట్టి గుడ్డ ఆ మేరకి నిజమే చెబుతుంది. ఇంటికి తిరిగి వచ్చి, మెట్లెక్కి, తన మంచం మీద కూర్చున్న రోజున ఈ కాగితాలు నా చేత్తో నేనే ఇస్తాను. వాడు నన్ను గడప దాటిస్తే దాటించనీ. సాక్ష్యం చెప్పడం మానేస్తాడో, నిలబడి ఈ నిజమే చెబుతాడో, అది వాడిష్టం. తిరిగి రాకపోతే... ఆ మాట రాయకు. కాదు, రాయి. తిరిగి రాకపోతే కూటంలో నిలబడి నువ్వు చదువు. నేను ఆడవాళ్ళ వరసలోనే ఉంటాను. ఈసారి కొంగు లాక్కోను.

నన్ను క్షమించమని ఎవరినీ అడగను. అడగవలసిన మనిషికి వినపడదు. నువ్వూ అనకు ఆ మాట, నోటిదాకా వచ్చినా మింగెయ్. ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. భుజం మాత్రం కాస్త తేలికైంది, అదైనా నాకు తగునో లేదో.

ఇప్పుడు మొదటి నుంచి చదివి వినిపించు. నీకు నా మీద జాలి ఎక్కువ. ఎక్కడైనా “మరిచిపోయాను” అని రాశావేమో చూడాలి. రాసుంటే కొట్టెయ్. ఊఁ, చదువు తల్లీ.