అరచేతిలో బ్లేడు

బావ నెత్తిన పడ్డ దెబ్బలు మూడు. అక్క జుట్టు చేతికి చుట్టుకుని ఆమె తలని గోడకేసి బాదుతున్నాడు బావ. గోడంతా నెత్తురు. తమ్ముడి చేతికందింది సుత్తి. మొదటి దెబ్బకే బావ కూలబడ్డాడు. అది అక్క కోసం. పడినవాడి మీద ఇంకో రెండు ఎందుకు వేశావయ్యా అని జడ్జి అడిగితే మాత్రం తమ్ముడు నీళ్ళు నమిలాడు. ఆ రెండు దెబ్బలకి తొమ్మిదేళ్ళు పడ్డాయి.

జైల్లో క్షవరం పని నేర్పారు. అక్కడొక పద్ధతి ఉండేది. గడ్డం గీయడం అవగానే కత్తిలోంచి బ్లేడు తీసి, అరచేతిలో పెట్టి, గుమ్మం దగ్గర నిలబడ్డ వార్డరుకి చూపించాలి. వార్డరు తలూపాకే కుర్చీలో మనిషి లేవాలి. ఒక్కసారి మరిచిపోయినందుకు మోకాలి చిప్ప మీద లాఠీ విరిగేలా కొట్టారు. ఆ తర్వాత చచ్చినా మరిచిపోలేదు.

బయటికొచ్చాక కాళ్ళరిగేలా పదకొండు సెలూన్లు తిరిగాడు. "తొమ్మిదేళ్ళు ఎక్కడున్నావు?" అనే ప్రశ్న దగ్గరే పది చోట్ల కథ ముగిసింది. మెడ మీద కత్తి పెట్టే పనికి హంతకుణ్ణి ఎవడు పెట్టుకుంటాడు చెప్పండి? పదకొండో చోట ఓనరుకి నిండు బట్టతల. దువ్వెన అమ్ముకునేవాడు కూడా ఆయన్ని చూస్తే జాలిపడతాడు. ఆయన సంగతంతా విని, తన కుర్చీ పక్కనున్న రెండో కుర్చీ చూపించాడు.

"ఒక్క కంప్లయింటు వచ్చిందా, నీ దారి నీది. ముందే చెప్తున్నా."

అలా అన్న పెద్దమనిషి తన గడ్డం మాత్రం రోజూ ఇంట్లోనే గీసుకొచ్చేవాడు. అతని చేతికి ఒక్కసారీ ఇవ్వలేదు.

ఆ కుర్చీ పోతే పన్నెండో సెలూన్ లేదని అతనికి తెలుసు. సీటు రెక్సిన్ చిరిగితే తనే సూదీ దారం తెచ్చి కుట్టాడు. మాట్లాడడు కాబట్టి అందరూ మూగాయన అన్నారు. వాగని బార్బరంటే వింతే మరి. గడ్డం గీశాక బ్లేడు అరచేతిలో పెట్టి ఖాళీ గుమ్మం వైపు చూపిస్తుంటే, "తలుపు చేత జాతకం చెప్పించుకుంటున్నావా మూగాయనా?" అని నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. ఎందుకు చూపిస్తున్నాడో ఓనరుకి ఒక్కడికే తెలుసు.

నాలుగో నెలలో ఒక ఆదివారం పొద్దున్నే బావ తమ్ముడు వచ్చాడు. అద్దంలో ఆ దవడ చూడగానే మూగాయన గుర్తుపట్టాడు. అచ్చం చచ్చినవాడి దవడ. వచ్చినవాడు తిన్నగా రెండో కుర్చీలో కూర్చుని మెడ వెనక్కి వాల్చాడు.

నురగ పూసి కత్తి ఆనించగానే గుసగుసగా మొదలెట్టాడు. "మా అన్న బుర్ర పగిలినప్పుడు చప్పుడెలా వచ్చిందిరా?"

మూగాయన కత్తిని చెంప మీంచి గొంతు దాకా దించాడు.

"కొయ్యరా. ఒక్క గాటు చాలు నాకు. మళ్ళీ లోపలికి పోతావు. మీ అక్క ఒంటరిగా ఉంటోందటగా, ఆ సంగతి నేను చూసుకుంటాలే."

ఒక్కసారిగా మూగాయన భుజం బిగిసిపోయింది. బ్లేడు కింద గొంతులో నరం కొట్టుకుంటోంది. నొక్కితే చాలు. ఆ రెండో దెబ్బ, మూడో దెబ్బ ఎక్కణ్ణించి వచ్చాయో అతనికి అప్పుడు తెలిసింది. తెలిసి భయం వేసింది. కత్తి పైకెత్తి, తువ్వాలుకి తుడిచి, ఊపిరి తీసుకుని, మళ్ళీ పని మొదలెట్టాడు. గాటు పడకుండా పూర్తి చేశాడు. బ్లేడు తీశాడు. అరచేతిలో పెట్టి గుమ్మం వైపు చూపించాడు.

కుర్చీలో వాడు చివాల్న లేచాడు. అద్దం ముందున్న కత్తెర అందుకుని తన ఎడమ చేతిని మోచేతి నుంచి మణికట్టు దాకా చీరుకున్నాడు. నెత్తురు చింది అద్దం మీద పడింది.

"చంపేస్తున్నాడు! బ్లేడుతో కోసేశాడు! వీడు జైలునుంచొచ్చిన హంతకుడు!"

పేపర్లలో తలలు దూర్చి కూర్చున్న ఇద్దరికి ఆ చివరి మాట చాలింది. ఒకడు స్టూలెత్తి మూగాయన నెత్తిన వేశాడు. ఇంకొకడు డొక్కలో తన్నాడు, పడ్డాక కూడా తన్నాడు. ఓనరు చేతిలో దువ్వెనతో అలాగే నిలబడిపోయాడు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు పాత కేసేమిటని అడిగాడు. విన్నాక ఇంకేమీ అడగదలచుకోలేదు.

"రాసే చెయ్యి ఏది?"

"కుడిది సార్. నేను కొయ్యలేదు సార్."

కుడి చెయ్యి బల్ల మీద పెట్టించి లాఠీతో కొట్టారు. మూడో దెబ్బకి వేళ్ళలో ఏదో విరిగింది. తర్వాత అతను లెక్కపెట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఓనరు వచ్చాడు. నెత్తుటి కత్తెర పేపర్లో చుట్టి తెచ్చాడు.

"వాడే కత్తెర తీసి కోసుకున్నాడు సార్. అప్పటికి బ్లేడు ఇతని అరచేతిలో ఉంది. నా కళ్ళతో చూశాను."

"నిన్న ఏం చేస్తున్నావు?"

"భయపడ్డాను సార్."

బావ తమ్ముణ్ణి పిలిపించి గట్టిగా నాలుగు అడిగితే వాడి కథ తేలిపోయింది. మూగాయన్ని వదిలేస్తూ ఇన్‌స్పెక్టరు, "ఈ వీధిలో ఏం జరిగినా ముందు నీ దగ్గరికే వస్తాం" అన్నాడు. సారీ అనే మాట అక్కడెవరికీ తట్టలేదు.

సెలూన్‌కి చేరేసరికి నలుగురు కూర్చుని ఉన్నారు. "నా పెట్టె తీసుకెళ్తానండీ. కంప్లయింటు వచ్చిందిగా" అన్నాడు మూగాయన.

ఓనరు చేతిలో దువ్వెన పక్కన పెట్టాడు. ఆ పొద్దున గీసుకోని గడ్డంతో వెళ్ళి రెండో కుర్చీలో కూర్చుని మెడ వెనక్కి వాల్చాడు.

"గీయి."

"వేళ్ళు వంగట్లేదండీ."

"ఎడంచేత్తో గీయి. నాకేం తొందర లేదు."

ఎడమ చేతికి ఆ పని అలవాటు లేదు. గడ్డం కింద ఒకటి, దవడ మీద ఒకటి గాట్లు పడ్డాయి. ఓనరు కళ్ళు మూసుకునే ఉన్నాడు, అబ్బా అనలేదు. నెత్తురు చూసి ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళిన అలికిడి మూగాయనకి వినిపించింది. కత్తి ఆపలేదు.

పని అయింది. ఇక బ్లేడు తియ్యాలి. దానికి రెండు చేతులూ కావాలి. కుడి చేతి వేళ్ళు ముడుచుకోలేదు. రెండుసార్లు ప్రయత్నించి, కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఓనరు చెయ్యి చాపి కత్తి తీసుకున్నాడు. బ్లేడు ఊడదీసి తన అరచేతిలో పెట్టుకుని, గుమ్మం వైపు చాపి కాసేపు పట్టుకున్నాడు. ఆ తర్వాతే కుర్చీలోంచి లేచాడు.