ఖలాసీ జీతానికి ఖలాసీ పని

ఈ మధ్య పేపర్లో ఒక వార్త చదివాను. ఏదో దేశం వాళ్ళు బయటి పనివాళ్ళకి వీసా ఇవ్వాలంటే జీతం ఇంతకి తగ్గకూడదట, చేసే పని వాళ్ళ జాబితాలో ఉండాలట. దానివల్ల పని బాగా తెలిసిన పిల్లలు కూడా ఆగిపోతున్నారట. ఇదేదో ఇప్పుడే పుట్టిన అన్యాయమన్నట్టు రాశారు. కొత్తేటి, నా మొహం. ఎనభైల మొదట్లో భిలాయిలో, క్యాంప్ 2 లో రేకుల ఇంట్లో ఉంటూ ఈ రూలుతోనే నేను కొట్లాడాను. అప్పుడు మా గురించి ఏ పేపరూ రాయలేదు. అందుకే నేనే రాసుకుంటున్నాను.

నేను శ్రీకాకుళం జిల్లా నుంచి భిలాయి వచ్చింది డెబ్భైల్లో. స్టీలు ప్లాంటుని పెద్దది చేస్తున్న రోజులు. నాది ప్లాంటు ఉద్యోగం కాదు, లోపల పని పట్టిన ఒక కాంట్రాక్టరు కింద కూలి. చేరింది ఖలాసీగా. ఖలాసీ అంటే పైపులు మొయ్యాలి, గొలుసు లాగాలి, అడిగిన సామాను అందివ్వాలి. ఏడాది తిరక్కుండా నేను హోల్డరు, అంటే వెల్డింగు రాడ్డు బిగించే పిడి, పట్టాను. ఎవరూ నేర్పలేదు. వెల్డర్లు టీకి వెళ్ళినప్పుడు తుక్కు ముక్కల మీద రాడ్డు కాల్చి అతికించి చూసుకునేవాణ్ణి. కళ్ళు మండిపోతే ఇంటికొచ్చి బంగాళాదుంప చెక్కలు కళ్ళ మీద వేసుకుని పడుకునేవాణ్ణి. ఇంగ్లీషూ అలాగే వచ్చింది, వెల్డింగు రాడ్ల ప్యాకెట్ల మీద అక్షరాలు కూడబలుక్కుంటూ.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ప్లాంటు ఇనస్పెక్టరు పరీక్ష పెట్టి, నెగ్గినవాడికి ఒక నంబరు ఇస్తాడు. గ్యాసు పైపు మీద జాయింటు పూర్తయ్యాక దాని పక్కనే ఆ నంబరుని పంచ్‌తో కొట్టాలి. రేపు ఎక్స్‌రేలో జాయింటు తప్పితే అది ఎవడిదో తెలియాలి కదా. నాకూ నంబరుంది. నా పెళ్ళాం తమ్ముడు, నా బావమరిది, వాడికీ ఉంది. ఇనుము మీద మేమిద్దరం వెల్డర్లమే. కాంట్రాక్టరు హాజరీ రిజిస్టరులో మాత్రం మొదటిరోజు రాసిన 'ఖలాసీ' అలాగే ఉండిపోయింది. ఎందుకుండదు? పనిని బట్టి జీతం ఇంత ఉండాలని సర్కారు రూలు పెట్టింది. రిజిస్టరులో వెల్డరని రాస్తే వెల్డరు జీతం ఇవ్వాలి. రాయకపోతే ఆ తేడా కాంట్రాక్టరు జేబులో ఉంటుంది. మాలాంటివాళ్ళు ఆ గ్యాంగులో ఇంకొందరున్నారు. దీపావళికి కాంట్రాక్టరు తలా ఒక మిఠాయి డబ్బా ఇచ్చి భుజం తట్టేవాడు. పని దొరికిందే చాలనుకుని ఊరుకునేవాళ్ళం.

ఇలా ఉండగా భిలాయి పక్కనే దుర్గ్‌లో ఒక లాడ్జికి గల్ఫు ఏజెంటు వచ్చాడని తెలిసింది. మా కాంట్రాక్టరు దగ్గర పని అయిపోవస్తోంది. ఇంకొక్క షట్‌డౌన్ పని, అంటే గ్యాసు ఆపి లైను మార్చే పని, అది అయ్యాక మమ్మల్ని ఉంచుతాడో పొమ్మంటాడో ఎవరికీ తెలియదు. నేనూ, బావమరిదీ వెళ్ళి ఏజెంటుకి పేర్లిచ్చాం. ఒక షెడ్డులో పరీక్ష పెట్టారు, ఇద్దరం నెగ్గాం. కాంట్రాక్టు కాగితం ఇంగ్లీషులో ఉంది. పని వెల్డరు, జీతం వెల్డరు జీతం. చదివి బావమరిదికి చెప్పాను. పాస్‌పోర్టులు ఏజెంటుకి అప్పజెప్పి వచ్చాం. ఇంట్లో నా పెళ్ళాం అప్పటికే పక్కింటి దీదీవాళ్ళకి బూందీ పంచేసింది.

కొన్నాళ్ళకి వీసా వచ్చింది. కాగితమంతా అరబ్బీ. చదవలేని కాగితం చేతిలో ఉంటే నాకు నిద్ర పట్టదు. ఏజెంటు ఇచ్చిన నకలు పట్టుకుని క్యాంపులో మసీదుకి వెళ్ళాను. అక్కడ పిల్లలకి చదువు చెప్పే పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని మెల్లగా చదివాడు. నా పేరుంది, తండ్రి పేరుంది. పని అన్నచోట ఆగాడు. "ఆమిల్ అని ఉంది బేటా. ఆమిల్ అంటే మజ్దూర్, కూలీ. వెల్డింగు చేసేవాడైతే లహ్హామ్ అని ఉండాలి" అన్నాడు. బావమరిది నకలు కూడా చూశాడు. అదీ ఆమిలే.

మర్నాడు లాడ్జిలో ఏజెంటుని అడిగాను. మన తెలుగువాడే, గోదావరి వైపు మనిషి. ఏమీ సిగ్గుపడలేదు. కుర్చీ వేయించి, టీ చెప్పి, విడమర్చి చెప్పాడు. వెల్డరు వీసా కావాలంటే ఐటీఐ సర్టిఫికెట్టన్నా ఉండాలి, లేకపోతే వెల్డరుగా మూడేళ్ళు చేశాడని, వెల్డరు జీతమే ఇచ్చానని యజమాని ఉత్తరమన్నా ఉండాలి. నీకు రెండూ లేవు, రిజిస్టరు ప్రకారం నువ్వు ఖలాసీవి, అందుకని మజ్దూరు వీసా తెప్పించాను అన్నాడు. మరి ఇంగ్లీషు కాంట్రాక్టులో వెల్డరని ఎందుకుంది అన్నాను. అది బొంబాయిలో చూపించడానికట. అక్కడ సర్కారు ఆఫీసులో జీతం మరీ తక్కువ కనిపిస్తే విమానం ఎక్కనివ్వరట. దిగాక మాత్రం వీసా మీద ఏ పని ఉంటే ఆ జీతమే.

"చేసేది వెల్డింగే కదా బ్రదర్. రాడ్డు అంటించేటప్పుడు అది నీ వీసా చూపించమంటుందా?"

"నంబరిస్తారా?" అని అడిగాను.

అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. నంబర్లు వెల్డరు వీసా వాళ్ళకేనట. మజ్దూరు కాల్చిన జాయింటు మీద పక్కనున్న వెల్డరు తన నంబరు కొట్టుకుంటాడట. "నీకెందుకా నంబరు? నెల తిరిగేసరికి నీ జీతం నీకొస్తుంది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ పని చేయించుకుని ఖలాసీ అన్నారు. అక్కడ పని చేయించుకుని మజ్దూరంటారు, పైగా నేను కాల్చిన జాయింటు ఇంకొకడిదంటారు. సముద్రం దాటి అంత దూరం వెళ్ళేది ఇందుకా. మజ్దూరు వీసా మీద నేను రానని ఏజెంటు మొహం మీదే చెప్పాను. ఈ నెలాఖరు దాకా దుర్గ్‌లోనే ఉంటాను, ఉత్తరం తెస్తే వీసా మార్పిస్తాను, తేకపోతే నీ ఇష్టం అన్నాడతను.

ఇంట్లో పెళ్ళాం వినిపించుకోలేదు. "ఏటి మావా, కూలీ అని రాస్తే నీ ఒంటికి అంటుకుంటాదా? షట్‌డౌన్ అయిపోతే ఇక్కడేటుంది మనకి?" అంది. తప్పు మాట కాదు. బావమరిది మధ్యలో కూర్చుని ఒకసారి అక్క వైపు, ఒకసారి నా వైపు తల ఊపాడు.

కాంట్రాక్టరుని ఉత్తరం అడిగాను. సైటు మీద, అందరిముందూ అడిగాను. ఇన్నేళ్ళుగా వెల్డింగు చేస్తున్నానని రాసివ్వు, అంతే అన్నాను. అలా రాస్తే తనకేమవుతుందో అతనికి బాగా తెలుసు. వెల్డరయితే ఇన్నాళ్ళూ ఖలాసీ జీతం ఎందుకిచ్చావని లేబరు ఆఫీసు అడుగుతుంది. హాజరీ రాసే మున్షీ చేత రిజిస్టరు తెప్పించి నా పేరు మీద వేలు పెట్టాడు. "చదువుకున్నానంటావు కదా, చదువు. నువ్వు ఖలాసీవి" అన్నాడు, హిందీలో, నవ్వుతూ. అతనితో పాటు నవ్వినవాళ్ళూ ఉన్నారు.

సరే, ఖలాసీనే.

మర్నాడు పొద్దున్న షట్‌డౌన్ మొదలైంది. గ్యాసు ఆపేశారు, పాత పైపు కోసేశారు. మున్షీ వచ్చి హోల్డరు నా చేతికివ్వబోయాడు. నేను తీసుకోలేదు. పైపు కింద భుజం పెట్టాను. ఏమైంది భయ్యా, ఒంట్లో బాగోలేదా అన్నాడు. బాగానే ఉంది, ఖలాసీని కదా, ఖలాసీ పని చేస్తున్నాను అన్నాను. గొలుసు లాగాను, ఇసక బకెట్లు మోశాను. వెల్డర్లకి నీళ్ళు కూడా అందించేవాణ్ణే, కానీ రిజిస్టరులో వెల్డరని రాసి ఉన్నవాడు ఆ గ్యాంగు మొత్తం మీద ఒక్కడే. బుర్ర వంచుకుని ఒక జాయింటు దగ్గర కూర్చున్నాడు పాపం. మిగతా జాయింట్లు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

బావమరిది అప్పటికే హోల్డరు పట్టుకుని ఉన్నాడు. కాసేపు నన్ను చూశాడు. "బావా, నువ్వు నా కొంప ముంచీసేలాగున్నావు" అని హోల్డరు కింద పెట్టి వచ్చి గొలుసు రెండో కొస పట్టుకున్నాడు. మధ్యాహ్నానికి మిగతావాళ్ళూ పెట్టేశారు. ఎవరూ పని మానలేదు. జీతం ఏ పనికిస్తున్నాడో ఆ పని ఒళ్ళు దాచుకోకుండా చేశాం. ఏ రూలు చూసినా మాదే సరి.

సాయంత్రానికి కాంట్రాక్టరు పరుగున వచ్చాడు. లైను చెప్పిన టైముకి అప్పజెప్పకపోతే జరిమానా అతని మీద పడుతుంది. నన్ను పక్కకి తీసికెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. నీ ఒక్కడికి ఉత్తరం ఇస్తాను, మూడేళ్ళని కాదు నాలుగేళ్ళని రాస్తాను, ఎవరికీ చెప్పకు, ఇప్పుడే వెళ్ళి హోల్డరు పట్టు అన్నాడు. అంటే నా వీసా అతని జేబులో ఉంది, చెయ్యి చాపితే వచ్చేస్తుంది. చాపుదామనే అనిపించింది. నేను రాయిని కాదు. వెనకాల గొలుసు చప్పుడు ఆగిపోయింది. నా గ్యాంగంతా అటే చూస్తున్నారు. బావమరిది కూడా.

"రాస్తే అందరికీ రాయి. లేకపోతే నేను ఖలాసీనే" అన్నాను.

తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్న మున్షీతో రిజిస్టరు తెచ్చి, మా కళ్ళముందే మా అందరి పేర్ల పక్కనా ఖలాసీ కొట్టేయించి వెల్డరు అని రాయించాడు. తలా ఒక ఉత్తరం కూడా ఇచ్చాడు. కుర్రాళ్ళు ఎగిరి గంతేసి హోల్డర్లు పట్టుకున్నారు. నేను నిలబడి ఉత్తరం చదివాను. 'నేటి నుంచి వెల్డరుగా తీసుకోబడినాడు' అని ఉంది. నేటి నుంచి. నిన్నటిదాకా కాల్చిన జాయింట్లన్నీ ఎవరో దయ్యం కాల్చినట్టు. వెనకటి సంగతేటని అడిగాను. జీతం పెంచాను కదా, ఇంకేం కావాలన్నాడు. 'నేటి నుంచి' అన్న ఆ ఒక్క మాటలో ఉన్న మోసం ఏమిటో మావాళ్ళకి చెప్పబోయాను, వినే తీరికలో లేరు. జీతం పెరిగింది, వాళ్ళకది చాలు. నేనూ హోల్డరు పట్టాను. వెల్డరు జీతానికి వెల్డరు పని.

ఏజెంటు ఆ ఉత్తరం చదివి మడిచి ఇచ్చేశాడు. మూడేళ్ళ తరవాత కనిపించమన్నాడు. మజ్దూరు వీసా ఇంకా అలాగే ఉంది, రేపే టికెట్టు అన్నాడు. నా పాస్‌పోర్టు ఇచ్చెయ్యమన్నాను. ఖర్చులయ్యాయి, ఇప్పుడివ్వడం కుదరదన్నాడు. అలాగే అని లాడ్జి గుమ్మంలో బల్ల మీద కూర్చున్నాను. ఇంటర్వ్యూకి వచ్చిన ప్రతివాణ్ణీ పిలిచి కూర్చోబెట్టాను. బాబూ, నీ ఇంగ్లీషు కాగితం కాదు, అరబ్బీది చూసుకో, ఆమిల్ అని ఉంటే నువ్వు కూలీవి అని చెప్పాను. తెలుగువాళ్ళకి తెలుగులో, మిగతావాళ్ళకి నాకొచ్చిన హిందీలో. నలుగురైదుగురు లేచి వెళ్ళిపోయారు. టీ చల్లారేలోపు పాస్‌పోర్టు నా చేతికొచ్చింది.

తరవాత సంగతి ముందే చెప్పేస్తాను. షట్‌డౌన్ అయ్యాక కాంట్రాక్టరు ఇంకో పని పట్టి నన్ను ఉంచుకున్నాడు, మూడేళ్ళు నిండాక ఉత్తరం అడిగితే ఇచ్చాడు. ఇవ్వక చస్తాడా, రిజిస్టరులో ఉంది కదా. వేరే ఏజెంటు ద్వారా వెళ్ళాను, వెల్డరు వీసా మీదే వెళ్ళాను. ఒక కాంట్రాక్టు చేసి వచ్చేశాను. అది వేరే కథ, ఇక్కడ అక్కర్లేదు.

బావమరిది ఆగలేదు. "నీకున్నంత పొగరు నాకు లేదు బావా, నానెల్తాను" అన్నాడు. నాతో గొలుసు పట్టుకున్నవాడు, వాణ్ణి నేనేమంటాను. దుర్గ్ స్టేషనులో బొంబాయి బండి ఎక్కించాం. వాడి అక్క కిటికీలోంచి పచ్చడి సీసా అందించి, బండి కదిలేదాకా వాడి చెయ్యి వదల్లేదు. బండి వెళ్ళిపోయాక కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"నువ్వూ ఎక్కాల్సింది మావా."

"ఎక్కుతాను. కూలీగా కాదు."

"అందాకా మూడేళ్ళు ఏటి తింటాం?"

"వెల్డరు జీతం తింటాం" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. కొంగు ముడి విప్పి, క్యాంపుకి వెళ్ళే టెంపోకి ఇద్దరికీ సరిపడా చిల్లర తీసి నా చేతిలో పెట్టి, ముందు నడిచింది.