వేపచెట్టు కింద బేరం

అప్పుడే కోసిన వేపకొమ్మకు ఒక వాసన ఉంటుంది. పచ్చిగా, చేదుగా, గొంతు దాకా తగులుతుంది. నిన్న సరూర్‌నగర్‌లో ఒక ఇంటి ముందు మావాళ్ళు కొమ్మను తాడుతో మెల్లగా కిందికి దించుతుంటే ఆ వాసన గుప్పుమంది. ఇంటావిడ ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం కళ్ళు మూసుకుని హాయిగా పీల్చాను. "అదేంటండీ, మల్లెపూలలా పీలుస్తున్నారు!" అని నవ్వింది. ఏం చెప్పను? నాకది మా నర్సయ్య బాబాయ్ వాసన.

పిలుపుకు బాబాయే కానీ, నర్సయ్య నా చుట్టం కాడు. ఆయనది నల్లగొండ వైపు పల్లె, కల్లు గీసే కుటుంబం. మాది గుంటూరు వైపు. ఊళ్ళో తాటివనం ప్లాట్లయ్యాక ఆయన ఎల్బీనగర్ వచ్చి, ఇళ్ళలో చెట్లు కత్తిరించే పని మొదలుపెట్టాడు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో కూర్చునేదాన్ని. అది కాస్తా మూతపడింది. బడికెళ్ళే కూతురు తప్ప నాకెవరూ లేరు, దానికి నేను తప్ప ఎవరూ లేరు. ఒకరోజు ఆయన మా వీధిలో చెట్టెక్కాడు. గోడ మీద పెట్టిన ఆయన ఫోను మోగుతూనే ఉంది. చూసి చూసి, ఆ గోల భరించలేక నేనే ఎత్తి మాట్లాడాను. దిగొచ్చి, "రేపటి సంది నువ్వే ఎత్తు బిడ్డా" అన్నాడు. అదీ నాకు ఉద్యోగం దొరికిన వైనం.

నేను ఫోనులో మర్యాదగా మాట్లాడితే ఆయనకు నవ్వు. "ఆ ‘అండీ’లు జర తగ్గియ్యరాదు బిడ్డా, బ్యాంకోళ్ళనుకొని ఫోన్ పెట్టేస్తున్నరు!" అనేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు. ఆయన మొదటిసారి తురాయి చెట్టెక్కిన ముచ్చట అందరి ముందూ చెప్పించేదాన్ని. తాటిచెట్టెక్కేవాళ్ళు నడుముకూ మానుకూ కలిపి ఒక లావుపాటి తాడు చుట్టుకుంటారు, దాన్ని మోకు అంటారు. తాటికి కొమ్మలుండవు. అందుకని ఏ కొమ్మను నమ్మాలో, దేన్ని నమ్మకూడదో పాపం ఈయనకు తెలియదు. "కాలు పెట్టిన్నో లేదో ఫెళ్ళున ఇరిగింది. మోకు పట్టుకొని గబ్బిలం లెక్క ఏలాడుతున్న. ఇంటామె కింద నిలబడి ‘చాయ్ల శక్కరెయ్యాల్నా’ అని అడుగుతది!" అని పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

పని విషయంలో మాత్రం మహా మొండి. బేరం ఎప్పుడూ ఇంట్లో కూర్చుని చేసేవాడు కాదు. మిట్టమధ్యాహ్నం వెళ్ళి, ఆ చెట్టు కిందే కుర్చీలు వేయమనేవాడు. మొదలంటా కొట్టెయ్యమని పిలిచినవాళ్ళు చాయ్ తాగడం పూర్తయ్యేసరికి, ఆ గోడ మీది కొమ్మ ఒక్కటీ తీస్తే చాలులే అనేవాళ్ళు. మిగతావాళ్ళేమో చెట్టంతా కొట్టి, కట్టెలు అమ్ముకుని బాగుపడుతున్నారు. మనమూ అలా చేస్తే ఏం పోతుందని ఒకరోజు పోట్లాడాను.

"తాటిచెట్టును దినాం జరంత గీస్తం బిడ్డా. జరంతనే. గందుకే మా తాత గీసిన చెట్టును నేను గూడ గీసిన. కొట్టేస్తే ఒక్కపారే పని. మంచిగ కత్తిరిస్తే ఏటేటా పిలుస్తరు."

"ఏటేటా సరే బాబాయ్, ఈ నెల మాటేంటి?" అన్నాను.

ఆ ఎండాకాలం నిజంగానే పని లేకుండా పోయింది. బడి తెరిచేలోపు ఏదైనా కుదరకపోతే, పిల్లను బడి మాన్పించి మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోవడం తప్ప నాకు దారి లేదు. ఆ మాట ఆయనకు చెప్పాను కూడా. సరిగ్గా అప్పుడే ఒక కాలనీ ప్రెసిడెంటు ఫోను చేశాడు. తన ఇంటి ముందు వేపచెట్టును మొదలంటా కొట్టేస్తే, కాలనీ చెట్ల పని మొత్తం ప్రతి ఏడూ మాకేనట. బాబాయ్‌కి చెప్పాను. "పోదాం పా" అన్నాడంతే.

మామూలుగానే ఆ వేప కింద కుర్చీలు పడ్డాయి, చాయ్ వచ్చింది. ఒకప్పుడు ఆ కాలనీ అంతా ప్రెసిడెంటు వాళ్ళ పొలమే. ఆయన దగ్గర మాత్రం ఈ చాయ్ మంత్రం పారలేదు.

"నీడ మంచిగనే ఉన్నది, కాదన్నదెవరు? ఈడ దుకాణాల షట్టర్లు పడితే ఇంకా మంచిగుంటది. కొడ్తవా, కొట్టవా? గది చెప్పు."

బాబాయ్ నా వైపు తిరిగాడు. "బిడ్డా, నువ్వు చెప్పు. కొట్టుమంటే కొడ్త."

ఎంత మండిపోయిందో నాకు! నియమం ఆయనది, భారం నా నెత్తినా? పిల్ల బడి సంచీ కళ్ళ ముందు కదిలింది. కొట్టమనే చెప్పాలనుకున్నాను. తీరా నోరు తెరిస్తే, "వద్దు బాబాయ్" అని వచ్చింది. ఎందుకొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. రోజూ ఫోనులో అందరికీ ‘మేం మొదలంటా కొట్టమండీ’ అని చెప్పి చెప్పి, అది నా మాటే అయిపోయినట్టుంది.

తిరిగొస్తూ నడిరోడ్డు మీద ఏడ్చేశాను. బాబాయ్ చెరుకురసం బండి దగ్గర ఆగి గ్లాసు చేతికిచ్చాడు. "తాగు బిడ్డా. ఏడిస్తే దూప ఎక్కువైతది" అన్నాడు. ఏడుస్తూనే తాగాను.

ఆ వేపను వేరేవాళ్ళు కొట్టేశారు. కాలనీ పని మాకు రాలేదు. కానీ ఎదురింటి టీచరమ్మ బాల్కనీలోంచి ఆ బేరమంతా విన్నదట. "చేతికొచ్చిన పని కాదనుకుని లేచిపోయినవాళ్ళను మిమ్మల్నే చూశానమ్మా. మా మామిడిచెట్టు మీరే చూడాలి" అని ఫోను చేసింది. ఆమె తర్వాత పక్కింటివాళ్ళు, ఆ తర్వాత పక్క వీధివాళ్ళు. బాబాయ్ అన్నట్టే, వాళ్ళంతా ఏటేటా పిలిచారు. నా పిల్ల అదే బడికి వెళ్ళింది. ఇప్పుడు మాకు పైకి లేచే నిచ్చెన బండి ఉంది, నిండా పనివాళ్ళున్నారు, కూర్చోవడానికి సొంత ఆఫీసు ఉంది.

బాబాయ్ నిరుడు వాళ్ళ ఊళ్ళో నిద్రలోనే పోయాడు. వెళ్ళినప్పుడు ఆయన భార్య లచ్చమ్మ పిన్ని పక్కన కూర్చుని, ఆ రోజు వేపచెట్టు కింద బాబాయ్ నన్నెలా పరీక్షించాడో, నేనెలా గట్టెక్కానో కాస్త గొప్పగానే చెప్పుకున్నాను. ఆమె విస్తుపోయి చూసింది.

"పరీక్ష ఏంది బిడ్డా! పొద్దుగాల్నే గొడ్డలికి సానబట్టిచ్చుకొని పోయిండు. జిందగీల పచ్చని చెట్టును కొట్టలే గద, ఇయ్యాల ఎట్ల కొడ్తవయ్యా అని అడిగిన. ‘ఆమె బిడ్డ బడి బందైతదే. ఆమె కొట్టుమన్నదంటే కొట్టుడే’ అన్నడు."

పిన్ని ఒళ్ళో తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఇన్నేళ్ళూ ఆయన నాకు నేర్పింది చెట్టును కాపాడటమేననుకున్నాను. పోయిన వారం మూసారాంబాగ్‌లో పని సగంలో ఉండగా, చెట్టు మీదున్న మా శ్రీను, "అక్కా, బిడ్డకు జ్వరమొచ్చిందని ఇంటికాడి నుంచి ఫోనొచ్చింది" అన్నాడు. సాయంత్రంలోగా పూర్తి చేస్తామని ఇంటివాళ్ళకు నేనే మాటిచ్చి ఉన్నాను. "దిగు నాయనా, ముందు బిడ్డను చూసుకో. వీళ్ళకు నేను చెప్పుకుంటాను" అన్నాను.