హజీరా ఇంట్లో రెండు కథలు

మోండా మార్కెట్ వెనక సందులోకి గురువారం గురువారం బైబిలు పట్టుకుని వెళ్ళే దేవకృప గురించి జనం రెండు రకాలుగా చెప్పుకునేవారు. సాయిబుల ఇళ్ళల్లో ఆత్మలు రక్షిస్తోందని చర్చివాళ్ళు. ఊరికే చాయ్ తాగిపోతోందని సందువాళ్ళు. సందువాళ్ళ మాటే నిజానికి దగ్గర.

ఆమెది గుంటూరు వైపు. రైల్వేలో ఫిట్టరు పనిచేసే భర్త జీవరాజు వెంట సికింద్రాబాదు వచ్చింది. జ్వరంతో అతను పోయాక, పిల్లా జెల్లా లేక, మారేడ్‌పల్లిలో ఒంటిగదిలో మిగిలింది. పరదా ఇళ్ళలో ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించే ఉద్యోగం మిషనువాళ్ళు ఇచ్చారు. ఎన్నేళ్ళు చదివినా ఆ సందులో ఒక్క ఆత్మ కూడా రక్షణలోకి రాలేదు. ఆ దిగులు ఆమెకు పెద్దగా లేదు. హజీరా ఉంది, చాలు.

హజీరా లారీ డ్రైవరు ఖాజావలి భార్య. ఎప్పుడూ ఒకే కథ అడిగేది, తన పేరుకు మూలమైన హాగరు కథ. అబ్రాహాము ఇంటి దాసి, అతని కొడుకును కన్న మనిషి. దేవకృప బైబిల్లో ఆ కథ కింద ఒకచోట ఎర్ర పెన్సిలు గీత, ఇంకోచోట నీలం గీత ఉండేవి. పాత కథలు ఒక్క నోటి నుంచి వచ్చినవి కావని బైబిలు బడిలో ఒక ఉపాధ్యాయుడు నేర్పిన అలవాటు అది. చర్చిలో ఆడవాళ్ళ కూటంలో ఒకసారి ఆ సంగతి ఎత్తితే, "వాక్యానికి రంగులు పూయడమేంటండీ, హోలీ అనుకున్నారా?" అని పాస్టరమ్మ నోరు మూయించింది. హజీరా మాత్రం ఆ తేడా తనే పట్టుకుంది.

"గిదేంది టీచరమ్మా! ఒకసారేమో కడుపుతోని తనే ఉరికిందంటవు. ఇంకోసారేమో పిలగానితోని ఎల్లగొట్టిన్రంటవు."

"ఇద్దరు వేరువేరుగా చెప్పుకున్నారమ్మా. తర్వాత ఎవరో రెండూ కలిపి కుట్టారు."

"మా దాంట్ల గట్ల లేదు. దేవుడు చెప్తేనే ఆయన ఇడిసి పోయిండు. ఆమె నీళ్ళకోసం గుట్టల నడుమ ఉరికింది."

"అయితే మూడు."

"నీ మొగుని కథ సుత గంతే గద! పోయినసారి నీకోసం నడిచే రైలుకెల్లి దుంకిండన్నవు. ఇయ్యాల గొలుసు గుంజి ఆపిండంటున్నవు. ఏది నిజం?"

ఇద్దరూ పడీ పడీ నవ్వేవారు. కొత్త పెళ్ళికూతుర్ని బెజవాడ ప్లాట్‌ఫారం మీద మరిచిపోయి రైలెక్కిన జీవరాజు ఆ నవ్వులో మళ్ళీ కాసేపు బతికేవాడు.

నలభై ఎనిమిది సెప్టెంబరులో నిజాం మీద పోలీసు యాక్షన్ వచ్చింది. దాన్ని కొందరు విమోచన అన్నారు, కొందరు పతనం అన్నారు. రెండు మాటలూ బిగ్గరగానే అన్నారు. బీదరు దారిలో సాయిబుల మీద జరిగిన ఊచకోతలు మాత్రం ఏ కథలోనూ ఎక్కువసేపు నిలబడలేదు. జొన్నల బస్తాలతో ఆ దారినే పోయిన ఖాజావలి తిరిగి రాలేదు.

చలికాలానికి రెండు కబుర్లు వచ్చాయి. హుమ్నాబాద్ దగ్గర లారీ కాలిపోయి ఉందనీ, పక్కన పడున్న శవం మీద ఖాజావలి గళ్ళచొక్కా చూశాననీ తోటి డ్రైవరు అల్లాబక్ష్ చెప్పాడు. బొంబాయి నుంచి వచ్చిన ఉల్లిగడ్డల వ్యాపారి ఇంకోటి చెప్పాడు. కరాచీ ఓడ ఎక్కే వరసలో ఖాజావలిని చూశాడట. పేరుపెట్టి పిలిస్తే మొహం తిప్పుకున్నాడట.

ఆ గురువారం గుమ్మంలోనే హజీరా అత్త అక్బర్ బీ దేవకృప చెయ్యి పట్టుకుంది.

"అది నీ మాట ఇంటది టీచరమ్మా. కరాచీల ఉన్నడని చెప్పు. గాజులు తీస్త, లచ్చా తీస్త అని కూసుంది. బతికున్న నా కొడుకును బొంద పెడుతదా?"

"నాకేం తెలుసమ్మా?"

"తెల్వకుంటేంది? నీ పుస్తకంల ఉన్నయన్నీ కండ్లతోని సూసే చెప్తున్నవా? చెప్పకుంటే ఇగ ఈ గడప తొక్కకు."

లోపల హజీరా మెడలోని నల్లపూసల పెళ్ళి లచ్చాను వేళ్ళతో తిప్పుతూ కూర్చుని ఉంది. చాయ్ పెట్టలేదు.

"చస్తే నా మనిషే, టీచరమ్మా. బతికుంటే నన్ను ఇడిసిపెట్టినోడు. ఏది కావాలనుకోవాలె నేను?"

పరదా వెనక అక్బర్ బీ కాళ్ళు కనిపిస్తున్నాయి. కరాచీ అన్న మాట దేవకృప నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో వచ్చే గురువారం, ఆపై గురువారాలూ తనవే. ఇంతకన్నా పెద్ద అబద్ధాలు చర్చి పీఠం మీద నుంచి ఎన్ని వినలేదు?

"నాకు తెలీదు హజీరా," అంది చివరికి. "ఆ కథలు కలిపి కుట్టినవాడికీ ఏది నిజమో తెలియదేమో. ఏదీ కొట్టేయలేదు, అంతే."

"కొట్టేస్తే ఏమయితుండె?"

"ఒక హాగరు పోయేది."

హజీరా లేచి రెండు చేతులూ గడపకేసి కొట్టింది. గాజులు చిట్లి, మణికట్టు దగ్గర రక్తం చిమ్మింది. చెయ్యి మెడ దాకా పోయి అక్కడ ఆగింది. లచ్చా తీయలేదు.

"గాజులు అల్లాబక్ష్ మాటకు. ఇది కరాచీ మాటకు."

"సగం ముండమోపి, సగం సుహాగనా? గిట్ల ఎవరన్న ఉంటరా లోకంల!" అంటూ అక్బర్ బీ పరదా లాగిపడేసి లోపలికి ఉరికొచ్చింది. కోడల్ని ఏమీ అనలేక దేవకృప వైపు తిరిగింది. "రంగుల పుస్తకం తెచ్చి నా ఇల్లు ఆగం చేసినవు. లే, నడువు!"

మిషనువాళ్ళు యాప్రాల్ వైపు ఇంకో ఇల్లు చూపించారు. పాత ఇల్లు ఎందుకు పోయిందని ఎవరూ అడగలేదు. ఎండలు ముదిరాక ఒకనాడు మోండా మార్కెట్లో, బుర్ఖాలోంచి బయటికొచ్చిన బోసి చెయ్యి ఒకటి చిక్కుడుకాయలు ఏరుతుండడం దేవకృప చూసింది. మణికట్టు మీద మచ్చలున్నాయి. మెడలో లచ్చా ఉందో లేదో బుర్ఖా కింద కనిపించదు. పక్కనే అక్బర్ బీ బేరమాడుతోంది. దేవకృప పిలవలేదు.

ఇంటికొచ్చి ఒక్క కప్పు టీ పెట్టుకుంది. గోడ మీద జీవరాజు ఫొటో ఉంది.

"రైల్లోంచి దూకేశాడు మా ఆయన," అంది పైకే. కాసేపు ఆగింది.

గొలుసు గుంజిండన్నవు గద అనేవాళ్ళు ఎవరూ లేరు. ఇక అతను దూకినట్టే.