అటక మీద పేలాల చప్పుడు

మొన్న సినిమా హాల్లో పక్కసీటు పాప్‌కార్న్ నుంచి వెల్లుల్లి కారం వాసన వచ్చింది. నాకు తెలియకుండానే తలెత్తి పైకప్పు వైపు చూశాను.

మా ఊరు భద్రాచలం అడవి అంచున ఉండేది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఊరంతటికీ టీవీ మా ఇంట్లోనే ఉండడంతో క్రికెట్ మ్యాచ్ రోజు ఇల్లు నిండిపోయేది. ఆ మధ్యాహ్నం అమ్మ మక్క పేలాలు వేయించి, నెయ్యీ వెల్లుల్లి కారమూ కలిపి అందరికీ పంచింది. ముందు వరసలో పోలీసు కానిస్టేబుల్ కూర్చున్నాడు.

చివరి ఓవర్లలో కరెంటు పోయింది. అందరం నమలడం ఆపేసి తెర వైపే చూస్తున్నాం. ఆ నిశ్శబ్దంలో అటక మీద ఎవరో కరకరమని నములుతున్నారు.

"ఏందక్కా, పైన ఎవరున్నరు?" అన్నాడు కానిస్టేబుల్.

"ఎవరుంటరు తమ్మీ, ఎలుకలు. మక్కలు అటక మీదనే పోసినం" అంది అమ్మ. గుప్పెడు పేలాలు నోట్లో పోసుకుని గట్టిగా నమిలింది.

పైన చప్పుడు టక్కున ఆగింది. మా ఎలుకలకు మనుషుల మాటలు అర్థమవుతాయని భయపడి, ఆ వేసవంతా నేనా గదిలో పడుకోలేదు.

పోలీసులు వెతుకుతున్న మా చిన్నమామ జ్వరంతో అడవిలోంచి వచ్చి, మూడు రోజులు ఆ అటక మీదే దాక్కున్నాడని పెద్దయ్యాక తెలిసింది. ఆ తర్వాత అతన్ని ఎవరూ చూడలేదు. అమ్మ ప్రతి మ్యాచ్‌కీ పేలాలు చేసి పంచేది. తను మాత్రం ఒక్క గింజా నోట్లో వేసుకునేది కాదు.