ఇంకా వివరంగా రాయాలి

ఏడేళ్లుగా ఒక సంగతి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. బరువు అనడానికి సిగ్గుగా ఉంది, ఎందుకంటే అసలు బరువు మోసింది నేను కాదు. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీకు చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి.

ఇబ్రహీంపట్నంలో ఒక దూరవిద్య కేంద్రంలో ఆదివారాలు అర్థశాస్త్రం చెప్పేవాణ్ని. చెప్పడమంటే, పుస్తకం తెరిచి పైకి చదవడం. దూరవిద్యలో అసలు పాఠం అసైన్‌మెంట్ మీదే నడుస్తుంది. వాళ్లు ఇంట్లో రాసి ఇస్తారు, మనం చదివి, ఎక్కడ తప్పారో పక్కన రాసి తిరిగి ఇవ్వాలి. శిక్షణలో ఈ మాట మాకు నూరిపోశారు. అందరం తలూపాం. తలూపడంలో మా లెక్చరర్లను మించినవాళ్లు లేరు.

కాగితాలు కట్టలు కట్టలుగా వచ్చేవి. ఎవడు చదువుతాడు? బస్ డిపో దగ్గరి కొట్లో ఒక రబ్బరు స్టాంపు చేయించుకున్నాను. 'ఇంకా వివరంగా రాయాలి.' ఎంత తెలివి! ఎవరేం రాసినా దానికి అతుకుతుంది. టీవీ చూస్తూ చివరి పేజీ తిప్పి గుద్దేవాణ్ని, తోచిన మార్కు వేసేవాణ్ని. తోటివాళ్లు చూసి నవ్వారు. ఇద్దరైతే తమకూ ఒకటి చేయించుకున్నారు. అందరం పీజీలు చేసినవాళ్లమే.

ఆ ఏడాది విద్యార్థుల్లో షాహీన్ ఒకరు. దగ్గర్లోని పల్లెలో అంగన్‌వాడీ టీచర్. డిగ్రీ ఉంటే సూపర్‌వైజర్ పరీక్ష రాయవచ్చు. వయోపరిమితి దాటడానికి ఒక్క ఏడాదే మిగిలింది. పేపర్లన్నీ గట్టెక్కాయి, నాది ఒక్కటే ఉంది. ఆమె మొదటి అసైన్‌మెంట్ ఆరు పేజీలు. రెండోది పద్నాలుగు. మూడోది ముప్పై. లావు చూసి విసుక్కున్నాను తప్ప, ఎందుకిలా పెరుగుతోందని ఒక్కసారీ అనుకోలేదు.

పరీక్షల ఫలితాలొచ్చాక ఒక ఆదివారం మెమో పట్టుకుని వచ్చింది. నా పేపర్ పోయింది.

"ఎన్ని ప్రశ్నలు రాశావు?" అన్నాను.

"రెండే రాసిన సార్. టైమైపాయె."

"ఐదు రాయాలని తెలియదా?"

"తెలుసు సార్. గని రెండుసార్లు మీరే పెడ్తిరి గద, ఇంకా వివరంగ రాయాలని. అందుకే మస్తు వివరంగ రాసిన. గింత రాసినా ఏం తక్కువైంది సార్?"

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. 'నీ కాగితాలు నేను చదవలేదమ్మా' అంటే సరిపోయేది. పక్క కుర్చీలో కేంద్రం కోఆర్డినేటర్ కూర్చుని ఉన్నాడు. నా నోట వచ్చిన మాట ఇది.

"చదువు అందరికీ అబ్బదమ్మా."

"అవ్ సార్," అని మెమో మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక సొరుగులోంచి మూడో అసైన్‌మెంట్ తీశాను. స్టాంపు వేశాను కానీ ఇంకా తిరిగి ఇవ్వలేదు. మొదటిసారి చదివాను. ప్రచ్ఛన్న నిరుద్యోగం గురించి రాసింది. తమ ఊళ్లో రెండెకరాల మడి మీద నలుగురు అన్నదమ్ములున్నారనీ, వాళ్లలో ఇద్దరు పోయి ప్లాట్ల వెంచర్‌లో వాచ్‌మన్లుగా చేరినా పంట గింజ కూడా తగ్గలేదనీ. ఇరవై ఏళ్లలో నేనంత తేటగా ఒక్కనాడూ చెప్పలేదు. చివర చిన్న అక్షరాలతో ఒక మాట ఉంది. 'సార్, ఈసారి సరిపోయిందా?' సరిగ్గా ఆ మాట మీదే పడింది నా స్టాంపు.

సప్లిమెంటరీకి ఇంకా మూడు నెలలుంది. అట్ట మీద ఆమె ఫోన్ నంబరుంది. నేను చేయలేదు. ఎందుకు? ఫిర్యాదు చేస్తుందని భయమా? చాలాకాలం అదేనని నన్ను నేను నమ్మించుకున్నాను. అది అబద్ధం. మేం కోస్తా నుంచి వచ్చి ఇబ్రహీంపట్నం దగ్గరి బొంగులూరులో ఇల్లు కట్టుకున్నవాళ్లం. ఆమె మాట్లాడే ఇక్కడి యాసను ఇంట్లో అనుకరించి నవ్వించేవాణ్ని. అలాంటి మనిషి ముందు తల దించుకోవడం నాకు నామోషీ అయింది, అంతే. నా నామోషీ ఖరీదు ఆమె ఉద్యోగం. ఆమె సప్లిమెంటరీకి ఫీజు కట్టలేదు. వయసు దాటిపోయింది.

ఇంకా ఉంది. మరుసటేడు దూరవిద్యలో బోధనా పద్ధతుల మెరుగుదల మీద సదస్సు పెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. విద్యార్థి రాసిన ప్రతి వాక్యమూ చదవాలని, ఎవరికి వారికి విడిగా జవాబు రాయాలని అరగంట దంచాను. ఆ నలుగురు అన్నదమ్ముల ఉదాహరణ కూడా చెప్పాను, నాదే అన్నట్టు. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

పోయిన నెల మార్కెట్లో షాహీన్ ఎదురుపడింది. చున్నీ సర్దుకుని సలాం చేసింది. పక్కనున్నావిడతో అంది, "మా సార్. మంచిగనే చెప్పిన్రు. నాకే సదువు ఎక్కలే." నేను నవ్వాను. నిజమేనన్నట్టు నవ్వాను.

ఆమెకు చదువు వచ్చు. చదవనివాణ్ని నేను. ఇది రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది, ఆడుతున్నందుకు నా మీద నాకే రోత పుడుతోంది. మీకైతే చెప్పాను. ఆమెకు ఇంకా చెప్పలేదు.